రాయని పని ఎవరికీ కనిపించదు

సంపాదకులకు నమస్కారం.

ఒక విమానయాన సంస్థ నిర్వహణ విభాగంలో జరిగిన తనిఖీ గురించి ఈమధ్య మీ పత్రికలో వార్త వచ్చింది. దొరికినవన్నీ కాగితాల లోపాలేననీ, ప్రయాణికుల భద్రతకు ముప్పేమీ లేదనీ అందులో ఉంది. ఆ మాట అన్నది సంస్థ ప్రతినిధి. శీర్షికలోకి వచ్చేసరికి ఉటంకింపు గుర్తులు రాలిపోయి, అది మీ పత్రిక మాట అయిపోయింది. నేను ఉద్యోగం చేసినంతకాలం విమాన నిర్వహణ రికార్డుల విభాగంలోనే ఉన్నాను. పత్రికలకు ఉత్తరాలు రాసే అలవాటు నాకు లేదు గానీ, ఇది చదివాక ఊరుకోలేకపోయాను. కాగితంలో లోపం దొరికిన రోజున ‘ముప్పు లేదు’ అని చెప్పడానికి ఎవరి దగ్గరా ఆధారం ఉండదు. ఆ పని సరిగ్గా జరిగిందో లేదో తమకు తెలియడం లేదని మాత్రమే వాళ్లు చెప్పగలరు. ఈ తేడా మీ పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం.

విమానానికి ఏ పని చేసినా దానికొక కార్డు ఉంటుంది. టాస్క్ కార్డు అంటారు. చేయాల్సిన పని దశలవారీగా దాని మీద అచ్చయి ఉంటుంది. ఒక్కో దశ పక్కన చేసినవారి సంతకం, కొన్నింటి పక్కన తనిఖీ చేసినవారి ముద్ర పడాలి. తీసిన భాగం నంబరు, వేసిన భాగం నంబరు, అది ఏ ధ్రువపత్రంతో స్టోర్స్‌లోకి వచ్చింది, మాన్యువల్‌లో ఏ సవరణ ప్రకారం పని చేశారు, ఇవన్నీ రాయాలి. ఆఖరికి బోల్టు బిగించిన టార్క్ రెంచీ (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచి చూపే పనిముట్టు) నంబరు కూడా రాయాలి. కొత్తగా చేరినవాళ్లకు ఇది వట్టి చాదస్తంగా కనిపిస్తుంది. రెంచీలను గడువు ప్రకారం ప్రయోగశాలకు పంపి, అవి సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షిస్తారు. ఒక రెంచీ తేడాగా ఉందని అక్కడ బయటపడితే, కిందటి పరీక్ష తర్వాత దానితో బిగించిన ప్రతి బోల్టూ అనుమానించదగ్గదే. కార్డుల మీద రెంచీ నంబరు ఉంటే ఆ బోల్టులు ఏ విమానాల్లో, ఏ ప్యానెళ్ల వెనక ఉన్నాయో ఒక పూటలో తేల్చవచ్చు. లేకపోతే ఏ విమానాన్ని ఆపాలో కూడా తెలియదు. బిగించి ఉన్న బోల్టును కంటితో చూసి ఎంత బలంతో బిగించారో చెప్పగల నిపుణుడు ఎవరూ లేరు. ప్యానెల్ మూసేశాక ఆ బోల్టు కూడా కనిపించదు.

2024 జనవరి 5న అమెరికాలోని పోర్ట్‌లాండ్ నుంచి బయలుదేరిన అలాస్కా ఎయిర్‌లైన్స్ 1282 విమానానికి సుమారు 14,800 అడుగుల ఎత్తులో పక్కగోడలోని డోర్ ప్లగ్ ఊడిపోయింది. వాడకంలో లేని అత్యవసర ద్వారాన్ని మూసి ఉంచే పలక అది. లోపల 177 మంది ఉన్నారు, అందరూ ప్రాణాలతో దిగారు. అది కొన్ని నెలల కిందటే తయారైన బోయింగ్ 737 మాక్స్ 9. ఆ ప్లగ్ కదలకుండా పట్టి ఉంచాల్సిన బోల్టులు నాలుగు. ఎగిరేటప్పుడు ఆ నాలుగూ అక్కడ లేవని దర్యాప్తులో తేలింది. 2023 సెప్టెంబరులో కర్మాగారంలో ప్లగ్ దగ్గరున్న రివెట్లను సరిచేయడానికి దాన్ని తెరిచారు. తెరిచినట్టు రికార్డు మాత్రం పుట్టలేదు. తీసినట్టు నమోదు లేనప్పుడు తిరిగి బిగించే పనికి కార్డు రాదు. కార్డు లేకపోతే తనిఖీకి ఎవరూ రారు. ప్లగ్ మూసి, లోపలివైపు గోడపలకలు అమర్చాక బోల్టుల సంగతి కనిపెట్టే దారి ఎవరికీ మిగల్లేదు. విమానం ఇంకా నేల మీద ఉన్నప్పుడు ఎవరైనా ఈ ఖాళీని పట్టుకుని ఉంటే, మీ వార్త లెక్కలో దాని పేరు కూడా కాగితాల లోపమే అయ్యేది.

అది తయారీలో జరిగింది, విమానాలను బాగుచేసే మా హ్యాంగర్ల సంగతి వేరు అని ఎవరైనా అనవచ్చు. హ్యాంగర్ సంగతే చెబుతాను. 1991 సెప్టెంబరు 11న టెక్సస్‌లో కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ 2574 విమానం గాలిలోనే విరిగి కూలింది. 14 మంది చనిపోయారు. ముందు రాత్రి ఆ విమానం తోక మీది అడ్డరెక్క అంచుల్లో మంచు పేరుకోకుండా చూసే రబ్బరు తొడుగులు మార్చాలనుకున్నారు. సాయంత్రం షిఫ్టువాళ్లు కుడివైపుతో పాటు ఎడమవైపు పైభాగంలోని 47 స్క్రూలను కూడా విప్పేశారు. సమయం చాలదని ఎడమవైపు పనిని తర్వాతికి వాయిదా వేశారు. స్క్రూలు విప్పామన్న సంగతి పని కార్డు మీదికి ఎక్కలేదు. రాత్రి షిఫ్టుకు కుడివైపు పని ఒక్కటే అప్పగింతల్లో చేరింది. వాళ్లు అది పూర్తిచేసి, ఎడమవైపు స్క్రూలు లేకుండానే విమానాన్ని పంపేశారు. 

ఇందులో నన్ను ఇప్పటికీ బాధపెట్టే వివరం ఒకటుంది. స్క్రూలు విప్పడంలో సాయం చేసిన ఇన్‌స్పెక్టరు వెళ్లేముందు అప్పగింత కాగితంలో తన పని గురించి ఒక మాట రాశాడు. రాత్రి షిఫ్టు ఇన్‌స్పెక్టరు డ్యూటీకి ముందుగా వచ్చి ఆ కాగితాన్ని శ్రద్ధగా చదివాడు. అతను చదివే సమయానికి ఇతను ఇంకా రాయలేదు. ఇద్దరిలో ఎవరినీ సోమరి అనలేం. అప్పగింత ఎప్పుడు రాయాలి, ఎప్పుడు చదవాలి, ఇద్దరూ ఒకేచోట నిలబడి చదవాలా వద్దా అన్నది ఆ హ్యాంగర్‌లో కట్టుదిట్టంగా లేదు. నేను పనిచేసిన చోట్ల అప్పగింత నోటితో జరిగితే చాలని వాదించిన పెద్ద ఇంజినీర్లను చాలామందిని చూశాను. పనిలో నేర్పరులే. వాళ్ల వాదనకు నా జవాబు ఈ 47 స్క్రూలే.

చేసింది రాయకపోవడం ఒక రకం. ఇక రెండో రకం లోపం. కాగితం ఉంటుంది, సంతకమూ ఉంటుంది, రాసింది మాత్రం జరగదు. నా దృష్టిలో ఖాళీ గడి కన్నా ఇది ప్రమాదకరం. ఖాళీ గడి కనీసం కళ్లకు అడ్డుపడుతుంది. నిండిన గడిని ఎవరూ రెండోసారి చూడరు.

1983 మే 5న మయామీ నుంచి నాసావుకు వెళుతున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 855 విమానానికి మూడు ఇంజిన్లు. మూడింటిలోంచీ నూనె కారిపోయింది. ముందుగా ఒక ఇంజిన్‌ను పైలట్లే ఆపి వెనక్కి తిరిగారు. దారిలో మిగతా రెండూ ఆగిపోయాయి. మొదట ఆపినదాన్నే మళ్లీ రాజేసి, దానితోనే దిగారు. 172 మంది బతికారు. కారణం వేలి ఉంగరమంత రబ్బరు సీళ్లు. ఇంజిన్ నూనెలో లోహపు రజను చేరుతోందా అని పట్టుకునే చిప్ డిటెక్టర్ అనే చిన్న భాగానికి వాటిని తొడగాలి. ముందు రాత్రి మెకానిక్కులు మూడు ఇంజిన్లకూ డిటెక్టర్లు మార్చారు, ఒక్కదానికీ సీళ్లు లేవు. కార్డు మీద ‘కొత్త సీళ్లతో అమర్చు’ అని స్పష్టంగా ఉంది. సంతకమూ ఉంది.

అబద్ధపు సంతకం అని తిట్టేముందు అది ఎలా పడిందో చూడండి. ఆ డిటెక్టర్లు ఎప్పుడూ ఫోర్‌మన్ గదిలో దొరికేవి, సీళ్లు తొడిగే ఉండేవి. ఆ రాత్రి అక్కడ లేకపోతే స్టోర్స్‌కు వెళ్లి తెచ్చారు. పొట్లం మీద వాడకానికి సిద్ధమని చెప్పే సర్వీసబుల్ ట్యాగ్ ఉంది. సిద్ధమంటే సీళ్లు ఉన్నట్టేనని అనుకున్నారు. ఏళ్ల తరబడి ఆ దశకు వాళ్లు సంతకం పెట్టారు, ఏళ్ల తరబడి ఆ పనిని వేరెవరో చేసిపెట్టారు. పని పద్ధతి ఒక దారిన, కార్డు ఇంకో దారిన నడుస్తున్న సంగతి పైవాళ్లకు తెలియనిదేమీ కాదు. ఆ సంస్థలో చిప్ డిటెక్టర్ల విషయంలో అంతకుముందు కూడా ఇలాంటి సంఘటనలు జరిగాయి.

బోల్టుల కథ ఇంకొకటి చెప్పక తప్పదు. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానానికి సుమారు 17,300 అడుగుల ఎత్తులో కెప్టెన్ ముందున్న అద్దం ఎగిరిపోయింది. కెప్టెన్ నడుము దాకా బయటికి లాక్కుపోబడ్డాడు. లోపలున్న సిబ్బంది కాళ్లు పట్టుకుని ఆపారు. కో-పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్ సహా అందరూ బతికారు. ఆ అద్దాన్ని ప్రయాణానికి 27 గంటల ముందు, రాత్రి షిఫ్టులో, మేనేజరే స్వయంగా మార్చాడు. అద్దానికి 90 బోల్టులు. వాటిలో 84 బోల్టుల వ్యాసం ఉండాల్సినదాని కన్నా 0.66 మిల్లీమీటర్లు తక్కువ. మిగతా ఆరింటి వ్యాసం సరైనదే, పొడవు తక్కువ. 

విడిభాగాల సచిత్ర పుస్తకం తెరిస్తే సరైన నంబరు దొరికేది. ఆయన పాత బోల్టును చేత్తో పట్టుకుని దానికి జతను కంటితో వెతికాడు. స్టోర్స్‌లోని మనిషి సరైన సైజు చెప్పాడు కూడా. విమానంలోంచి తీసినవే ప్రమాణమని ఆయన నమ్మాడు. విచిత్రమేమిటంటే తీసిన పాత బోల్టులు కూడా తప్పువే, పొడవు తక్కువవి, అయినా అంతకాలం అద్దాన్ని నిలబెట్టాయి. అంటే ఈ తప్పుకు ముందే ఆ విమానంలో ఒక తప్పు కూర్చుని ఉంది, దాన్ని ఏ కాగితమూ పట్టించలేదు. ఇక అద్దం అమర్చడం రెండో మనిషి తనిఖీ తప్పనిసరిగా చేయాల్సిన పనుల జాబితాలో అప్పటికి లేదు. చేసినవాడే చూసుకుని సంతకం పెట్టాడు.

రెండో మనిషి ఉంటే చాలా అంటే అదీ చాలదు. 2003 జనవరి 8న షార్లట్‌లో కూలిన ఎయిర్ మిడ్‌వెస్ట్ 5481 విమానంలో 21 మంది పోయారు. విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే తోకభాగం, అంటే ఎలివేటర్, కేబుల్‌ను సరిచేసేటప్పుడు కొన్ని దశలు అవసరం లేదని వదిలేశారు. ఆ పనిని తనిఖీ చేయాల్సిన మనిషే మెకానిక్‌కు పని నేర్పుతున్న మనిషి. వదిలేయడానికి ఒప్పుకున్నదీ ఆయనే.

ఏళ్ల తర్వాత బయటపడే కాగితాలూ ఉన్నాయి. 2002 మే 25న తైవాన్ జలసంధిలో కూలిన చైనా ఎయిర్‌లైన్స్ 611 విమానానికి 1980లో తోక నేలకు రాసుకుంది. తయారీదారు పుస్తకం ప్రకారమే శాశ్వత మరమ్మతు చేశామని లాగ్‌బుక్‌లో ఉంది. గీతలు పడిన రేకును తీయకుండా దాని మీద చాలీచాలని పలకను అతికించారని 22 ఏళ్ల తర్వాత సముద్రం నుంచి తీసిన శకలాలు చెప్పాయి. 225 మంది చనిపోయారు. ఆ ఒక్క వాక్యాన్ని నమ్మి ఆ విమానాన్ని అన్నేళ్లు చూసుకున్న ఇంజినీర్లలో ఒక్కరికీ అడుగున ఏముందో తెలిసే అవకాశం లేదు.

కాబట్టి అన్ని లోపాలూ ఒకటేనా? కాదు, ఈ మాట నిజాయితీగా చెప్పాలి. తేదీ వేయడం మరిచిన గడిని ముందు పేజీ, వెనక పేజీ చూసి సరిచేయవచ్చు. అక్షరదోషాలకు గుండెలు బాదుకునే ఆడిటర్లను నేనూ చూశాను, వాళ్లవల్ల ఎవరికీ మేలు జరగలేదు. కొత్త ఆడిటర్లకు శుభ్రమైన కార్డంటే మహా ఇష్టం. నాకు మాత్రం తళతళలాడే కార్డు చూస్తేనే అనుమానం వచ్చేది. రెండు రోజులు సాగిన ల్యాండింగ్ గేర్ పని కార్డు మీద ఒక నూనె మరక లేదు, మొదటి దశ నుంచి చివరి దశ వరకు ఒకే కలం, ఒకే ఊపు సంతకాలు. పని జరిగే చోట పెట్టిన సంతకాలు అలా ఉండవు. షిఫ్టు చివర బల్ల దగ్గర కూర్చుని వరుసగా పెట్టినవి అలా ఉంటాయి. పని నిజంగా జరిగే ఉండవచ్చు. ఏ దశలో ఎవరు ఏం చూశారన్నది మాత్రం అక్కడితో పోయినట్టే.

ఒకచోట జరిగింది చెబుతాను. ఇంజిన్ టర్బైన్ డిస్కు ఒకటి స్టోర్స్ నుంచి వచ్చింది. డిస్కు మీద చెక్కిన సీరియల్ నంబరులో రెండు అంకెలు ధ్రువపత్రంలో తారుమారయ్యాయి. మా సీనియర్ ఇంజినీరు దాన్ని అమర్చనన్నాడు. విమానం ఆలస్యమైంది, ప్రణాళికా విభాగం వాళ్లు వచ్చి అరిచారు, రెండు అంకెల కోసమా అన్నారు. ఆయన కార్డు తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టి, ‘మేడమ్, ముందు దీని పుట్టుక తేల్చండి’ అన్నాడు. ఇలాంటి డిస్కులకు ఆయుష్షు ఉంటుంది, ఇన్నిసార్లు ఎగిరాక పక్కన పడేయాల్సిందేనని. ఆ లెక్క సీరియల్ నంబరు మీదే నడుస్తుంది. అంకెలు మారితే మన చేతిలో ఉన్నది ఇంకో డిస్కు వయసు. తయారైన రోజు నుంచి కాగితాలన్నీ తెప్పించి చూశాం. డిస్కు సరైనదే, టైపు చేసినవారి పొరపాటు. అది తేలాక కూడా ఆయన చేసిందే సరైన పని అని నా అభిప్రాయం. అమర్చకముందు ఆ సంగతి ఎవరికీ తెలియదు మరి. ఆ ఆలస్యానికి ఆయనను సంజాయిషీ అడిగారు, ఆ ఉత్తరం నకలు కూడా మా విభాగంలోనే దాచాల్సి వచ్చింది.

2023లో బయటపడిన వ్యవహారం తర్వాత ఇలాంటి పట్టుదలను చాదస్తం అనేవాళ్లు తగ్గి ఉంటారనుకుంటాను. లండన్‌కు చెందిన ఒక చిన్న సంస్థ నకిలీ ధ్రువపత్రాలతో సీఎఫ్ఎం56 ఇంజిన్ల విడిభాగాలను అమ్మింది. ఎయిర్‌బస్ ఎ320, పాత తరం బోయింగ్ 737 విమానాలకు వాడే ఇంజిన్లు అవి. అనేక దేశాల సంస్థలు తమ ఇంజిన్లలో ఏవి వాటితో నడుస్తున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది. వెతికింది మళ్లీ మాలాంటి గుమాస్తాలే, అవే ఫైళ్లలో.

అన్నీ కంప్యూటర్లోకి మారుస్తున్నాం, ఇక ఈ బెడద ఉండదని మీ వార్తలో ప్రతినిధి అన్నారు. కంప్యూటర్ కొన్ని పనులు బాగానే చేస్తుంది. దశలన్నింటికీ ఒకే నిమిషంలో సంతకాలు పడితే సమయంతో సహా చూపిస్తుంది, మా కాలంలో ఆ సౌకర్యం లేదు. కానీ పక్కవాడి పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లేవాడిని అదేమీ చేయలేదు. నెట్‌వర్క్ పనిచేయకపోతే అసలు సమాచారమే అందదు. 2001 ఆగస్టు 24న అట్లాంటిక్ మీద ఇంధనం అయిపోయిన ఎయిర్ ట్రాన్సాట్ 236 విమానం అజోర్స్ దీవుల్లో దిగేదాకా ఇంజిన్లు లేకుండా సుమారు 19 నిమిషాలు గాలిలో జారుతూ వచ్చింది. 306 మంది దక్కారు. కొద్దిరోజుల ముందే ఆ విమానానికి అరువు ఇంజిన్ బిగించారు. అందులోని పైపులు పాత రకానివి, కొత్తవాటితో సరిపడవు. ఆ వివరాలున్న సర్వీస్ బులెటిన్ (తయారీదారు పంపే సాంకేతిక సూచనల పత్రం) కంప్యూటర్ నెట్‌వర్క్ సమస్య వల్ల హ్యాంగర్‌లో తెరుచుకోలేదు. దాన్ని చూడకుండానే పాత, కొత్త పైపులు కలిపి పని ముగించారు. హైడ్రాలిక్ పైపు ఇంధనపు పైపును రాపాడి చిల్లు పెట్టింది.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది మాత్రం ఆ వార్త చివరి వాక్యం: ‘బాధ్యులైన ఇద్దరు టెక్నీషియన్లను సస్పెండ్ చేశారు’. సంతకం ఉన్నవాడు సులభంగా దొరుకుతాడు. కార్డు రాసినవాడు దొరకడు. ఒకే దశలో ‘తీయి, శుభ్రం చేయి, పరీక్షించు, అమర్చు’ అని నాలుగు పనులు కుక్కి, ఒక్క సంతకం గడి ఇచ్చే కార్డులు నేను కుప్పలుగా చూశాను. మూడు పనులు చేసి షిఫ్టు దిగేవాడు ఆ గడిలో ఏం చేయాలి? తెల్లవారుజామున విమానం కదలాలి, కార్డులు మూసేయండి అని ఫోన్లు చేసేవాళ్ల పేరు ఏ కార్డు మీదా ఉండదు. పొరపాటును తానే వచ్చి చెప్పినవాడికి సస్పెన్షన్ ఇస్తే తర్వాతివాడు చెప్పడు, రాసి సరిపెడతాడు. తెలిసీ దొంగ సంతకం పెట్టినవాడిని శిక్షించాల్సిందే. ఆ ఇద్దరూ ఏ రకమో మీ వార్తలో లేదు.

మీ విలేకరికి నా విన్నపం ఇది. ఈ తనిఖీ మీద మళ్లీ రాసేటప్పుడు లోపాల సంఖ్యతో ఆగవద్దు. ఖాళీ గడులు ఎన్ని, పని జరగకుండా నిండిన గడులు ఎన్ని, పుట్టుక తేలని విడిభాగాలు ఉన్నాయా అని అడగండి. ఆ కార్డులకు సంబంధించిన ప్యానెళ్లను తెరిచి చూశారా, చూసేదాకా విమానాలను ఆపారా, లేక ఎగురుతుండగానే కాగితాలను సరిచేశారా అని అడగండి. వెనకటి తేదీతో ఇప్పుడు పెట్టిన సంతకాలు ఉన్నాయేమో కూడా అడగండి. వాటికి సంస్థ జవాబు ఇవ్వకపోతే, ఇవ్వలేదని వేయండి. అంతవరకు ముప్పు లేదన్న మాటను దాన్ని అన్నవారి పేరుతోనే అచ్చు వేయండి.

ఇట్లు,
విమాన నిర్వహణ రికార్డుల విభాగంలో పనిచేసి రిటైరైన మీ పాఠకురాలు